1966 మస్టాంగ్: టైటిల్‌లో 07, డోర్ ప్లేటు మీద 09. ఇది అసలు ఫాస్ట్‌బ్యాకేనా?

మీ ప్రశ్న సారాంశం ఇది. డాలస్ సమీపంలో 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్, అంటే పైకప్పు తోక దాకా ఏకంగా వాలుగా సాగే రకం, అమ్మకానికి వచ్చింది. డ్రైవర్ తలుపు అంచున ఉన్న ప్లేటు మీద 63ఎ అనే బాడీ కోడ్, 6ఆర్09సి తో మొదలయ్యే నంబరు ఉన్నాయి. అమ్మే వ్యక్తి పంపిన టైటిల్ (ప్రభుత్వం ఇచ్చే యాజమాన్య పత్రం) కాపీలో మాత్రం ఆ నంబరు 6ఆర్07సి తో మొదలవుతోంది, మిగిలిన ఆరు అంకెలూ ఒకటే. అది ఎప్పుడో ఆఫీసులో గుమాస్తా చేసిన టైపు పొరపాటని ఆయన అంటున్నారు. కారు బయటి నుంచి చూడటానికి నిజమైన ఫాస్ట్‌బ్యాక్‌లాగే ఉంది, అడ్వాన్సు ఇవ్వవచ్చా అని మీరు అడిగారు.

ఇవ్వవద్దు. ముందుగా ఇంజను పక్కన ఉన్న రేకు మీద ఫ్యాక్టరీ గుద్దిన నంబరును మీ కళ్లతో చదవండి, ఆ తరువాత కారు వెనుక సగం లోపలి నిర్మాణాన్ని చూడండి. ఈ రెండూ అయ్యేవరకు ఆ కారు కూపేగా, అంటే పైకప్పు వెనుక అద్దం దగ్గర ఆగి డిక్కీ విడిగా కనిపించే రకంగా పుట్టి, తరువాత ఎవరి షెడ్డులోనో పైకప్పు మార్చుకున్న కారని అనుకోవడమే క్షేమం. అమ్మే వ్యక్తి మోసగాడని నేను అనడం లేదు. ఈ కార్లు అరవై ఏళ్లలో చాలా చేతులు మారాయి కాబట్టి, నేటి యజమాని తనకు చెప్పిన మాటనే నమ్మి మీకు చెబుతూ ఉండవచ్చు. అయితే ఆయన నమ్మకం వల్ల రేకు మీద ఉన్న అంకె మారదు.

ఆ నంబరును ఎలా చదవాలో ముందు చూద్దాం. ఆనాటి ఫోర్డ్ నంబరులో పదకొండు స్థానాలే ఉంటాయి, పదిహేడు స్థానాల పద్ధతి 1981 మోడళ్లతో వచ్చింది. మొదటి అంకె 6 అంటే 1966 మోడల్. తరువాతి అక్షరం కర్మాగారం: ఎఫ్ అయితే డియర్‌బోర్న్, ఆర్ అయితే శాన్ హోసే, టి అయితే న్యూజెర్సీలోని మెటచెన్. ఆపై వచ్చే రెండంకెలే మీ ప్రశ్నకు కేంద్రం: 07 అంటే కూపే, అంటే ఫోర్డ్ హార్డ్‌టాప్ అని పిలిచిన బాడీ, 08 అంటే మడిచే గుడ్డ టాప్ ఉన్న కన్వర్టిబుల్, 09 అంటే ఫాస్ట్‌బ్యాక్. తరువాతి సి అనే అక్షరం రెండు బ్యారెళ్ల కార్బ్యురేటర్ ఉన్న 289 ఘనపు అంగుళాల వి8 ఇంజనును చెబుతుంది. చివరి ఆరంకెలు ఆ కర్మాగారంలో ఆ మోడల్ సంవత్సరానికి 100001 నుంచి మొదలైన వరుస సంఖ్య.

ఈ వరుస సంఖ్య గురించి కొంచెం ఆగి ఆలోచించాలి. ఒక కర్మాగారంలో ఒక సంవత్సరానికి వరుస ఒక్కటే. కూపేలకు ఒకటి, ఫాస్ట్‌బ్యాక్‌లకు వేరొకటి అని లేవు. అందువల్ల శాన్ హోసేలో 1966కు ఒకే ఆరంకెలతో ఒక 07 కారు, మళ్లీ ఒక 09 కారు పుట్టే అవకాశం లేదు. దీని నుంచి రెండు విషయాలు తేలుతాయి. టైటిల్‌లోని నంబరు, ప్లేటులోని నంబరు వేర్వేరు కార్లవి కావు, ఒకే కారుకు చెందినవి, వాటిలో ఒకటి మాత్రమే నిజం. రెండోది మరింత ముఖ్యం: ఒక కూపే నంబరులో 7ను 9గా మార్చి కొత్త ప్లేటు కొట్టించుకున్నవారికి, ఆ నంబరుతో మరో కారు ఎక్కడో ప్రత్యక్షమవుతుందన్న భయం ఉండదు. ఈ ఒక్క అంకె మార్పు ఈ కార్లలో తరచూ ఎదురుకావడానికి అది ఒక కారణం.

మరో కారణం డబ్బు. 1966 మోడల్‌లో ఫోర్డ్ 6,07,568 మస్టాంగులు తయారు చేస్తే వాటిలో 4,99,751 కూపేలు, 72,119 కన్వర్టిబుళ్లు, 35,698 మాత్రమే ఫాస్ట్‌బ్యాకులు. అంతకు ముందరి 1965 మోడల్‌లో ఫాస్ట్‌బ్యాకులు 77,079. అంటే 1966లో ప్రతి ఫాస్ట్‌బ్యాకుకు దాదాపు పద్నాలుగు కూపేలు బయటకు వచ్చాయి. కూపేలు నేటికీ విరివిగా దొరుకుతాయి, ధర తక్కువ. ఫాస్ట్‌బ్యాకులు అరుదు, అందరికీ కావలసింది అవే, ధరలో తేడా చాలా పెద్దది. పైగా ఫాస్ట్‌బ్యాక్ పైకప్పు, వెనుక అద్దం చట్రం, పక్క రేకులు, డిక్కీ మూత అన్నీ కొత్తగా తయారై విడిగా అమ్ముడవుతున్నాయి. ఓపిక, మంచి వెల్డింగ్ చేయి ఉన్నవారు కూపే పైభాగాన్ని కోసి తీసివేసి వీటిని అతికించగలరు. దాన్ని మార్పిడి కారు అని చెప్పి అమ్మితే అందులో తప్పేమీ లేదు, కొన్ని మార్పిడులు పనితనంలో ఫ్యాక్టరీ కార్లను మించి ఉంటాయి. అసలైనదని చెప్పి అమ్మినప్పుడే అది మోసమవుతుంది.

ఇక సాక్ష్యాలను నమ్మకాన్ని బట్టి వరుసగా చూద్దాం. అన్నిటికంటే బలహీనమైనది మిమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకున్న డోర్ ప్లేటే. రెండు రివెట్లతో తలుపు వెనుక అంచున బిగించిన ఆ పల్చని రేకు మీద బాడీ కోడ్, రంగు, లోపలి అలంకరణ, తయారీ తేదీ, ఇరుసు, గేర్‌బాక్స్ కోడ్‌లు, వాటితో పాటు పూర్తి నంబరు ఉంటాయి. 65తో మొదలైతే కూపే, 63తో మొదలైతే ఫాస్ట్‌బ్యాక్, 76తో మొదలైతే కన్వర్టిబుల్. చివర ఎ ఉంటే మామూలు లోపలి అలంకరణ, బి ఉంటే సీట్ల మీద పరుగెత్తే గుర్రాలున్న ఖరీదైన అలంకరణ. సమాచారం ఎంతో విలువైనదే. కానీ తలుపు బోల్టులతో ఊడివచ్చే భాగం, ఆ ప్లేటు రివెట్లతో ఊడివచ్చే వస్తువు. పాతది పాడైందని చెప్పి, మీరు రాసిచ్చిన అక్షరాలతో కొత్త ప్లేటు ముద్రించి పోస్టులో పంపేవారు చాలామంది ఉన్నారు. పాత కార్ల పునరుద్ధరణలో అది మామూలు సేవ. కాబట్టి ప్లేటు మీద 63ఎ అని ఉండటం ఆ కారు ఫాస్ట్‌బ్యాక్ అనడానికి రుజువు కాదు. మీ ఫొటోలో ఆ ప్లేటు కొత్తగా మెరుస్తోంది, తలుపు రంగు అంచులేమో పాతబడి ఉన్నాయి. రివెట్ల చుట్టూ రంగు చిట్లినట్లు కూడా కనబడుతోంది. ఇంతమాత్రాన తీర్పు చెప్పలేను గానీ, ఆ ప్లేటు ఆ తలుపుతో పాటు పుట్టలేదని అనుకుంటున్నాను.

టైటిల్ దానికంటే కొంత మెరుగు, ఎందుకంటే అది యజమాని నుంచి యజమానికి మారుతూ వచ్చిన ప్రభుత్వ పత్రం. గుమాస్తా పొరపాటు అసంభవం కాదు, 9కి బదులు 7 కొట్టిన సందర్భాలు ఉంటాయి. కానీ పొరపాటు ఎటువైపు జరిగిందో చూడండి. ఇక్కడ టైటిల్ కారును తక్కువ ధర పలికే రకంగా చూపిస్తోంది, కొత్తగా కనిపించే ప్లేటు ఎక్కువ ధర పలికే రకంగా చూపిస్తోంది. అమ్మే వ్యక్తి దగ్గర పాత టైటిళ్ల నకళ్లు, పాత బీమా కాగితాలు, మునుపటి రిజిస్ట్రేషన్ రశీదులు ఏవైనా ఉంటే అడగండి. ముప్పై ఏళ్ల నాటి కాగితంలోనూ 07 అనే ఉంటే టైపు పొరపాటు వాదన చాలా బలహీనపడుతుంది.

ఇప్పుడు రేకు మీద గుద్దిన నంబరు. బానెట్ ఎత్తి డ్రైవర్ వైపు నిలబడితే, షాక్ అబ్జార్బర్ గోపురాన్ని ఆనుకుని ముందు నుంచి వెనుకకు సాగే లోపలి రేకు కనిపిస్తుంది. దాని పై అంచు మీద ఈ పదకొండు అక్షరాలు గుద్ది ఉంటాయి. బయటి ఫెండర్ అంచు ఆ రేకు మీద కూర్చుంటుంది కాబట్టి, నంబరు కనిపించడానికి ఆ అంచులో చిన్న కోత పెట్టి ఉంటుంది. అక్కడ మట్టి, పాత గ్రీజు, మందపు రంగు పేరుకుపోయి ఉంటే గుడ్డతో, మెత్తని ద్రావకంతో మాత్రమే శుభ్రం చేయండి, సాండ్ పేపర్ అసలు వాడవద్దు. ఒక పక్క నుంచి టార్చి వెలుతురు పడేలా పట్టుకుంటే అంకెల లోతు నీడలతో స్పష్టంగా కనిపిస్తుంది. కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకోవడం ఫొటో కంటే నమ్మదగినది, 7కూ 9కీ మధ్య అనుమానం అక్కడ తీరిపోతుంది. ఇదే నంబరు ఫెండర్ల కింద కనబడకుండా మరికొన్ని చోట్ల కూడా గుద్ది ఉంటుంది. ఫెండర్ బోల్టులు కొన్ని వదులు చేయనిదే అవి కనిపించవు. ఇంత పెద్ద మొత్తం పెట్టేటప్పుడు ఆ బోల్టులు వదులు చేయడానికి అమ్మే వ్యక్తి అనుమతి అడగడం ఏ విధంగానూ అమర్యాద కాదు. ఇవ్వనంటే అది కూడా మీకు ఒక జవాబే.

గుద్దిన అంకెలు కొంచెం వంకరగా, ఎత్తుపల్లాలుగా ఉన్నాయని కంగారు పడకండి, ఫ్యాక్టరీ అచ్చులు కూడా అద్దినట్లు సమంగా ఉండవు. మీరు వెతకవలసింది వేరే: అంకెల చుట్టూ ఉన్న రేకు గ్రైండర్‌తో రుద్దినట్లు పల్చబడి ఉందా, ఒక్క అంకె మాత్రం మిగతా వాటికంటే లోతుగానో వేరే ఆకారంలోనో ఉందా, ఆ అంకె కింద పాత గీతల జాడ మిగిలిందా అన్నవి. ముఖ్యంగా నాలుగో స్థానంలోని ఆ 7 లేదా 9 మీద దృష్టి పెట్టండి. అలాగే ఆ రేకు మొత్తంగా మరో కారు నుంచి కోసి తెచ్చి అతికించినది కాదని కూడా చూసుకోవాలి. ముందు భాగంలో ప్రమాదం జరిగిన కార్లలో ఈ రేకు మార్చడం సహజమే, కానీ నంబరు ఉన్న ముక్క చుట్టూ మాత్రమే వెల్డింగ్ గీత తిరిగి ఉంటే అది ప్రమాద మరమ్మతు కాదు. వాహన గుర్తింపు నంబరును తెలిసి తొలగించడం, మార్చడం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. అలాంటి కారు మీ పేరు మీదకు వచ్చాక దాని తలనొప్పి మీదే అవుతుంది. అలాంటి జాడ కనబడితే బేరం సంగతి మరిచిపోయి వెనక్కి రండి.

గుద్దిన నంబరు 07 అయితే ప్రశ్న అక్కడే తీరిపోయింది, ఆ కారు కూపేగా పుట్టింది. ఫ్యాక్టరీ ఒక ఫాస్ట్‌బ్యాక్ మీద పొరపాటున 07 గుద్దిందన్న కథ మీకు తప్పకుండా వినిపిస్తుంది. ఆ వాదన చేసేవారే దాన్ని రుజువు చేయాలి, అదీ ఇప్పుడు చెప్పబోయే లోపలి నిర్మాణంతోనే చేయాలి. నంబరు 09 అయితే శుభవార్తే, అయినా పరీక్ష ఆపవద్దు. ఎందుకంటే తుప్పు పట్టి నాశనమైన అసలు ఫాస్ట్‌బ్యాక్ ముందు భాగాన్ని, బాగున్న కూపే వెనుక భాగంతో కలిపిన కార్లు కూడా ఉంటాయి.

ఇక అసలు సంగతి చెప్పేది ఇనుమే. కూపేలో వెనుక సీటు వీపుకూ వెనుక అద్దానికీ మధ్య ఒక అడ్డ రేకు ఉంటుంది. మన ఇళ్లలో కార్లకు దాని మీద టిష్యూ పెట్టెలు, దేవుడి బొమ్మలు పెట్టుకుంటామే, అదే చోటు. మస్టాంగ్ కూపేలో అది కేవలం అలమార కాదు, రెండు చక్రాల గూళ్లకూ వెల్డింగ్‌తో కలిసి బాడీకి బిగువునిచ్చే భాగం. ఫాస్ట్‌బ్యాక్‌లో ఇది లేదు. అక్కడ సీటు వెనుక స్థలం డిక్కీ వైపు తెరుచుకునేలా వేరే అమరిక ఉంటుంది. కాబట్టి మార్పిడి చేసేవారు ఈ అడ్డ రేకును కోసి తీసివేయాలి, కోసిన చోట చక్రాల గూళ్ల పై అంచున ఆ కోత జాడలు మిగులుతాయి. వాటిని గ్రైండ్ చేసి, పుట్టీ పెట్టి, పైన కార్పెట్ అతికిస్తారు. మీరు చేయవలసిన పని వెనుక సీటును, దాని పక్కనున్న అలంకరణ పలకలను విప్పించి, డిక్కీలో పడుకుని టార్చితో పైకి చూడటం. దుమ్ముతో, పాత సీలెంట్‌తో, సమాన దూరాల్లో ఉన్న చిన్న గుండ్రటి స్పాట్ వెల్డులతో కనిపించే కీళ్లు ఫ్యాక్టరీవి. అదే చోట రుద్ది చదును చేసిన వెల్డు మచ్చలు, ఒకే రంగు మందంగా స్ప్రే చేసిన తాజా నలుపు కనిపిస్తే అక్కడేదో దాచారు.

అదే సమయంలో వెనుక పక్క రేకుల లోపలి వైపు కూడా చూడండి. కూపేలో వెనుక పక్క అద్దాలు చేత్తో తిప్పే పిడితో కిందకు దిగుతాయి, ఆ యంత్రం బిగించడానికి లోపలి రేకులో రంధ్రాలు, ఊతలు ఉంటాయి. 1965, 66 ఫాస్ట్‌బ్యాక్‌లో అక్కడ అద్దమే లేదు, దాని స్థానంలో గాలి బయటకు పోయే పలకల కిటికీ ఉంటుంది, లోపలి నుంచి దాని మూతను తెరవవచ్చు. ఫాస్ట్‌బ్యాక్ అంటున్న కారు లోపలి రేకులో అద్దం యంత్రపు రంధ్రాలు మూసిన గుర్తులు దొరికితే, దానికి ఫ్యాక్టరీలో కూపే అద్దాలు ఉండేవన్నమాట. ఈ ఒక్క ఆధారం చాలా బలమైనది. మార్పిడి చేసేవారు పైకప్పు మీద నెలల తరబడి శ్రమ పెట్టి, ఎవరూ చూడని ఈ లోపలి రేకును తరచుగా వదిలేస్తారు. గాలి పలకలను కూడా ఆడించి చూడండి: మూత నిజంగా తెరుచుకుంటోందా, లేక బయట అలంకారంగా మాత్రమే బిగించారా?

పైకప్పు విషయానికొస్తే, ముందు అద్దం స్తంభాలు పైకప్పును కలిసే చోట, తలుపు పైన వాన నీరు జారే గాడి అంతా, పైకప్పు వెనుక పక్క రేకులతో కలిసే చోట జాగ్రత్తగా చూడాలి. మార్పిడిలో కొత్త పైకప్పు ఎక్కడో ఒకచోట పాత కారును కలవాలి కదా, ఆ సరిహద్దు పూర్తిగా దాగదు. లోపలి సీలింగు గుడ్డ అంచు కొంత విప్పి చూడగలిగితే ముందు అద్దం పైన అడ్డంగా ఉన్న దూలం దగ్గర స్పష్టత వస్తుంది. రంగు మందం కొలిచే చిన్న పరికరం తీసుకువెళ్లండి. ఫ్యాక్టరీ రంగు సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. మళ్లీ రంగు వేసిన కారులో 300, 400 కూడా సహజం. ఒక్కచోట వెయ్యి దాటితే అక్కడ పుట్టీ ఉంది. ఒక హెచ్చరిక: పైకప్పు, పక్క రేకుల కీలు మీద ఫ్యాక్టరీ వారు కూడా సీసం పోసి చదును చేసేవారు. కాబట్టి ఆ కీలు దగ్గర అయస్కాంతం బలహీనంగా అంటుకున్నంత మాత్రాన కారును అనుమానించవద్దు. కీలు ఉండకూడని చోట, రెండు వైపులా ఒకే ఎత్తులో, ఒకే గీతగా పుట్టీ మందం దొరికితే అప్పుడు అనుమానించాలి.

ఇక్కడ మీ విచక్షణ అవసరమవుతుంది. అరవై ఏళ్ల కారులో కొత్త వెల్డింగ్ కనిపించడమే నేరం కాదు. నేల రేకులు, డిక్కీ అడుగు, వెనుక పక్క రేకుల కింది భాగం, ముందు అద్దం కింద నీరు నిలిచే గూడు తుప్పు పట్టి మార్చడం ఈ కార్లలో సర్వసాధారణం, నిజాయితీగా పునరుద్ధరించిన ఫాస్ట్‌బ్యాకుల్లో కూడా అవన్నీ ఉంటాయి. ప్రశ్న వెల్డింగ్ ఉందా అన్నది కాదు, ఎక్కడ ఉంది అన్నది. తుప్పు కింది నుంచి మొదలవుతుంది, మార్పిడి కోతలు పైభాగం చుట్టూ తిరుగుతాయి. కింద అంతా మరమ్మతు చేసి, పైన మాత్రం పాత ఫ్యాక్టరీ కీళ్లు, పాత సీలెంట్ మిగిలి ఉన్న ఫాస్ట్‌బ్యాక్‌ను నేను సంతోషంగా కొంటాను. కింద అసలు నేల రేకు చెక్కుచెదరకుండా ఉండి, పైన మాత్రం అంతా కొత్తగా ఉన్న కారు నాకు నచ్చదు, ఎందుకంటే అలాంటి కారుకు పైకప్పు మార్చవలసిన మామూలు కారణం ఉండదు.

ఇదే చర్చ చదివే మరికొందరికి కన్వర్టిబుల్ మీద ఆసక్తి ఉండవచ్చు కాబట్టి కొద్దిగా చెబుతాను. 07 నంబరు కూపే పైకప్పు కోసి గుడ్డ టాప్ పెట్టిన కార్లు కూడా ఉన్నాయి, అవి ఫాస్ట్‌బ్యాక్ మార్పిడుల కంటే ప్రమాదకరం. ఈ కార్లకు విడి ఛాసిస్ ఫ్రేము లేదు, బాడీయే బరువు మోస్తుంది, అందులో పైకప్పు ఒక ముఖ్య భాగం. అందుకే ఫోర్డ్ కన్వర్టిబుల్‌కు తలుపుల కింది పెట్టె దూలాలను లోపల బరువైన రేకుతో బలపరిచింది, ముందు సీట్ల కింద రెండు పక్కలనూ కలిపే అడ్డ రేకు పెట్టింది, ముందు చట్రం నేలను కలిసే మూలల్లో రెండు వైపులా టార్క్ బాక్సులు పెట్టింది. గుడ్డ టాప్ మడత కోసం వెనుక సీటు కూడా ఇరుకుగా ఉంటుంది. కూపే సీటు వెడల్పు ఉన్న కన్వర్టిబుల్‌ను, కింద ఆ బలాలు లేని కన్వర్టిబుల్‌ను ఎంత తక్కువ ధరకు ఇచ్చినా తీసుకోవద్దు. గుంతల రోడ్డు మీద తలుపులు సరిగా మూసుకోవడం మానేస్తాయి, ప్రమాదంలో అది నిలబడదు.

కాగితాల వెతుకులాటకు ఒక పరిమితి ఉంది. 1967 నుంచి వచ్చిన ఫోర్డులకు కెవిన్ మార్టీ సంస్థ ఫోర్డ్ నుంచి లైసెన్సు పొందిన తయారీ రికార్డుల ఆధారంగా నివేదిక ఇస్తుంది. ఆ సంవత్సరం నుంచి నంబర్లలో కోడ్‌లు కూడా 01 కూపే, 02 ఫాస్ట్‌బ్యాక్, 03 కన్వర్టిబుల్ అని మారాయి, నివేదిక తెప్పించుకుంటే సందేహం చాలావరకు తీరుతుంది. 1965, 66 మస్టాంగులకు ఆ నివేదిక రాదు. కొత్త కార్లకు మనం తెప్పించుకునే చరిత్ర నివేదికలు పదిహేడు స్థానాల నంబర్ల మీద నడుస్తాయి కాబట్టి అవి కూడా ఇక్కడ పనిచేయవు. ఇంజను నంబరు సరిపోయిందని చెబితే కూడా నమ్మి ఆగిపోవద్దు. ఆ కాలంలో ఫోర్డ్ కారు నంబరును ఇంజను మీద గుద్దింది 271 హార్స్‌పవర్ కె కోడ్ ఇంజన్లకే. మీ కారు సి కోడ్, దాని బ్లాకు మీద పోత తేదీ మాత్రమే చూడగలరు, అది కారు తయారీ తేదీకి కొంచెం ముందుదై ఉండాలి. ఆ తేదీ సరిపోయినా ఇంజను ఆ కాలానిదని తెలుస్తుంది గానీ, పైకప్పు గురించి ఏమీ తెలియదు.

ఇంకో మాట, ప్రకటనలు చదివేటప్పుడు ఉపయోగపడుతుంది. మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకు వచ్చినప్పుడు కూపే, కన్వర్టిబుల్ మాత్రమే ఉన్నాయి. ఫాస్ట్‌బ్యాక్ ఆ శరదృతువులో 1965 మోడల్ పూర్తిస్థాయి విడుదలతో వచ్చింది. అందువల్ల '1964న్నర ఫాస్ట్‌బ్యాక్' అని ఎవరైనా రాస్తే, అది తెలియక రాసినదో, మార్పిడి చేసినదో అయి ఉంటుంది. అలాగే మస్టాంగ్‌ను రేసు తరహాలో మార్చి తయారు చేసిన షెల్బీ జీటీ350 పేరుతో అమ్మే 1965 కార్లన్నీ శాన్ హోసేలో 5ఆర్09కె నంబర్లతో మొదలైన ఫాస్ట్‌బ్యాకులే. మరో బాడీ కోడ్ లేదా మరో ఇంజను అక్షరం కనిపిస్తే అది ఆ కారు కాదు.

హైదరాబాదు, విజయవాడల్లో పాత కార్లు ఉంచుకున్న స్నేహితులు కూడా ఈ విషయాన్ని తేలికగా తీసుకోకూడదు. 2021 జులైలో కేంద్ర మోటారు వాహన నియమాలలో చేసిన మార్పు ప్రకారం, యాభై ఏళ్లు దాటిన వాహనాన్ని వింటేజ్‌గా, వీఏ అక్షరాల ప్రత్యేక నంబరుతో నమోదు చేయించుకోవాలంటే అది అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజను విషయంలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మొదటి నమోదు రుసుము 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. పైకప్పు కోసి రూపం మార్చిన కారుకు ఆ హోదా అడగడంలో ఇబ్బంది తప్పదు.

మళ్లీ మీ కారు దగ్గరికి వద్దాం. అమ్మే వ్యక్తికి ఈ రోజే మర్యాదగా ఒక సందేశం పంపండి: ఇంజను పక్క రేకు మీది నంబరును పక్క వెలుతురులో తీసిన ఫొటో, వెనుక సీటు తీసివేసి చక్రాల గూళ్ల పై అంచులు కనబడేలా తీసిన ఫొటోలు, డిక్కీలో నుంచి పైకి తీసిన ఫొటో కావాలని అడగండి. నిజంగా ఫాస్ట్‌బ్యాకే అయితే ఆయనకు అవి పంపడం లాభమే. అవి బాగుంటే మస్టాంగ్ రేకు పని తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లి, కారును లిఫ్టు మీద ఎత్తించి చూడండి. నంబరు 09 అని తేలి, లోపలి నిర్మాణం కూడా సరిపోతే, టైటిల్‌లోని తప్పును అమ్మే వ్యక్తి చేతే, రాష్ట్ర అధికారులు నంబరును ప్రత్యక్షంగా పరిశీలించాక సరిదిద్దించండి. డబ్బు ఆ తరువాతే ఇవ్వండి. మీరు కొన్నాక ఆ పని మీ మీద పడితే నెలలు పట్టవచ్చు.

నంబరు 07 అని తేలినా, పనితనం బాగుండి, ఎలాంటి అంకె దిద్దుబాటూ లేకుండా ఉంటే, ఆ కారు మీకు ఇష్టమైతే కొనవచ్చు. కానీ బేరం కూపే ధర నుంచి మొదలుపెట్టి, మార్పిడికి పెట్టిన పనికి కొంత కలపండి, ఫాస్ట్‌బ్యాక్ ధర నుంచి కొంత తగ్గించమని అడగవద్దు. ఆ డోర్ ప్లేటును తీసివేయించండి, లేదా అసలు నంబరుతో ఉన్న ప్లేటు పెట్టించండి. విక్రయ పత్రంలో గుద్దిన నంబరును పదకొండు అక్షరాలూ రాసి, 'కూపే నుంచి ఫాస్ట్‌బ్యాక్‌గా మార్చిన కారు' అని స్పష్టంగా రాయించుకోండి. బీమా సంస్థకూ అదే మాట చెప్పి, ఒప్పుకున్న విలువ మీద పాలసీ తీసుకోండి. రేకు ఫొటో వచ్చాక ఇక్కడే పెట్టండి, నాలుగో స్థానంలోని అంకెను నేను కూడా చూస్తాను.